తడి చర్మమే ఆధారం: ఉభయచరాల అనుకూలనాలు



ఈరోజు మన పాఠం ఉభయచరాల గురించి. కొంతకాలం నీటిలోనూ, కొంతకాలం నేలమీదా బతికే వెన్నెముక గల జంతువులను ఉభయచరాలు అంటామని మీకు తెలుసు. కప్పలు, గోదురుకప్పలు, తోకగల సాలమాండర్లు, కాళ్ళు లేని సిసీలియన్లు అన్నీ ఈ విభాగంలోవే. ఒక జీవి తానున్న చోట బతకడానికీ, సంతానాన్ని నిలుపుకోవడానికీ తోడ్పడే లక్షణాన్ని అనుకూలనం అంటాం. అది ఒక్క జీవి ఒక్క జీవితంలో సంపాదించుకునేది కాదు. ప్రకృతివరణం వల్ల తరతరాలుగా నిలిచినది.

పరీక్షకు ఈ రెండు నిర్వచనాలు చాలు. కాని అనుకూలనం అన్నమాటకు ఒక చోటు ఉండాలి, ఒక కాలం ఉండాలి. ఏ చోటికి, ఏ కాలానికి అనుకూలం అని అడగకపోతే ఆ మాటకు అర్థం లేదు. అందుకే ఈ పాఠంలో ఒక చోటును ఎంచుకుని, అక్కడి కప్పలు ఏడాది పొడుగునా ఎలా గడుపుతాయో చూద్దాం. ఆ చోటు ఉర్లా.

ఎందుకు ఉర్లా?

ఛత్తీస్‌గఢ్ రాజధాని రాయపూర్‌కు ఉత్తరం వైపున ఉన్న పారిశ్రామిక ప్రాంతం ఉర్లా. విజయనగరంలో రైలెక్కి, రాయగడ, టిట్లాగఢ్ మీదుగా వెళ్తే రాయపూర్ వస్తుంది. రైల్వేలోనూ, భిలాయి ఉక్కు కర్మాగారంలోనూ, ఇతర పరిశ్రమల్లోనూ పనికి వెళ్ళి ఆ ప్రాంతంలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. వాళ్ళ పిల్లలు కూడా ఈ పాఠాలు వింటుంటారు.

ఉర్లాను ఎంచుకోవడానికి రెండు కారణాలున్నాయి. మొదటిది వాతావరణం. మే నెలలో అక్కడ ఉష్ణోగ్రత 42 నుంచి 45 డిగ్రీల దాకా పోతుంది. ఏడాదిలో సుమారు 1200 మిల్లీమీటర్ల వాన పడితే, అందులో చాలా భాగం జూన్ మధ్య నుంచి సెప్టెంబరు చివరిలోపే కురుస్తుంది. అంటే ఏడాదిలో నాలుగు నెలలు నీళ్ళు, మిగిలిన ఎనిమిది నెలలు క్రమంగా ఆరిపోయే నేల. తడి లేనిదే బతకలేని జంతువుకు ఇది కఠినమైన పరీక్ష.

రెండో కారణం, రాయపూర్ చుట్టుపక్కల మూడు రకాల నీళ్ళు దగ్గరదగ్గరగా కనిపిస్తాయి. వానాకాలంలో నిండే వరి మళ్ళు ఒకటి. ఊరూరా తవ్వించిన చెరువులు రెండోది. రాయపూర్ నగరంలోనే బూఢా తాలాబ్, తేలీబాంధా లాంటి పాత చెరువులున్నాయి. మూడోది కర్మాగారాల పక్కనుంచి పోయే నాలాలు. ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే అనుకూలనం ఎంతవరకు పనిచేస్తుందో, ఎక్కడ ఆగిపోతుందో తెలుస్తుంది.

చర్మం చేసే మూడు పనులు

కప్పను చేత్తో తాకినవాళ్ళకు మొదట తెలిసేది దాని చల్లదనం, జిగట. ఆ జిగటను శ్లేష్మం అంటాం. చర్మంలోని శ్లేష్మగ్రంథులు దాన్ని స్రవిస్తాయి. చేపకున్నట్టు పొలుసులు గాని, బల్లికున్నట్టు దళసరి కెరాటిన్ పొర గాని, మనకున్నట్టు వెంట్రుకలు గాని కప్పకు లేవు. పలుచని తడి చర్మం, దాని కిందే దట్టమైన రక్తకేశనాళికలు. ఈ చర్మం మూడు పనులు చేస్తుంది.

మొదటిది శ్వాసక్రియ. కప్పకు ఊపిరితిత్తులున్నా అవి చిన్నవి. మనలాగా పక్కటెముకల గూడు, విభాజక పటలం దానికి లేవు. నోటి అడుగుభాగాన్ని కిందికీ పైకీ ఆడిస్తూ గాలిని ఊపిరితిత్తుల్లోకి నెడుతుంది. కూర్చున్న కప్ప గొంతు దగ్గర ఎప్పుడూ కొట్టుకుంటున్నట్టు కనిపించేది ఇదే. ఆక్సిజన్‌లో కొంత భాగం చర్మం ద్వారా లోపలికి వస్తుంది. కార్బన్ డై ఆక్సైడ్‌లో ఎక్కువ భాగం చర్మం ద్వారానే బయటికి పోతుంది. నీటి అడుగున కదలకుండా ఉన్నప్పుడు, మట్టిలో సుప్తావస్థలో ఉన్నప్పుడు శ్వాసలో పెద్ద వాటా చర్మానిదే. వాయువులు పొడి పొరగుండా సులువుగా పోవు, ముందు నీటిలో కరగాలి. కాబట్టి చర్మం ఎప్పుడూ తడిగా ఉండాలి.

రెండోది దాహం తీర్చడం. కప్ప నోటితో నీళ్ళు తాగదు. పొట్ట కింద, వెనక తొడల మధ్య చర్మం మరింత పలుచగా, రక్తనాళాలతో నిండి ఉంటుంది. తడి నేలమీద కూర్చుని ఆ భాగాన్ని నేలకు ఆనిస్తే చాలు, నీరు లోపలికి ఇంకుతుంది. వేసవి రాత్రి కుండ కింది చెమ్మలో గోదురుకప్ప చతికిలబడి కూర్చుంటే, అది నీళ్ళు తాగుతున్నదని అర్థం చేసుకోవచ్చు.

మూడోది రక్షణ. గోదురుకప్ప కళ్ళ వెనక ఉబ్బెత్తుగా రెండు గ్రంథులుంటాయి. వీటిని పెరోటాయిడ్ గ్రంథులు అంటారు. కుక్క నోట కరుచుకోగానే వాటినుంచి పాలలాంటి విషపదార్థం వస్తుంది. కుక్క నురగ కక్కుతూ దాన్ని వదిలేస్తుంది. ఎగిరి పారిపోవడం అంతగా చేతకాని జంతువుకు ఈ రసాయనమే ఆయుధం.

ఇక్కడ ఒక విషయం గుర్తుపెట్టుకోండి. నీరు, వాయువులు సులువుగా లోపలికి రాగలిగిన చర్మం నుంచి నీరు అంత సులువుగానే బయటికి పోతుంది. నీటితోపాటు మరేదైనా కలిసివస్తే దానికీ అదే దారి. కప్పకున్న బలమూ, బలహీనతా ఒకే చోట ఉన్నాయి. ఈ పాఠంలో మిగతాదంతా ఈ ఒక్క మాటకు వివరణే.

వేసవిలో కప్పలు ఎక్కడికి పోతాయి?

ఏప్రిల్, మే నెలల్లో వరి మళ్ళలో ఒక్క కప్ప కూడా కనిపించదు. జూన్‌లో వాన పడిన రాత్రి ఊరంతా మారుమోగేటట్టు అరుస్తాయి. అందుకే కప్పలు వానతోపాటు ఆకాశం నుంచి పడతాయని పెద్దలు చెప్పుకునేవారు. నిజానికి అవి మన కాళ్ళ కిందే ఉన్నాయి.

రాయపూర్ రైతులు తమ నేలలను నాలుగు పేర్లతో పిలుస్తారు. భాటా, మటాసీ, డోర్సా, కన్హార్. భాటా గులకరాళ్ళతో కూడిన ఎర్రనేల. కన్హార్ మన నల్లరేగడి లాంటిది, వేసవిలో లోతుగా నెర్రెలు విచ్చుతుంది. ఆ నెర్రెల లోపల, చెరువుగట్టు రాళ్ళ కింద, చెట్ల వేళ్ళ సందుల్లో నేలపైకంటే చల్లదనం, చెమ్మ ఎక్కువ. కప్పలు అక్కడ తలదాచుకుంటాయి.

కొన్ని కప్పలు దొరికిన సందులో దూరి ఊరుకోవు, స్వయంగా తవ్వుకుంటాయి. స్ఫీరోథీకా అనే ప్రజాతి కప్పల్లో వెనక పాదం మీద, మడమ దగ్గర, పార ఆకారంలో గట్టి బుడిపె ఉంటుంది. కప్ప ముందుకు తవ్వదు. కూర్చున్నచోటే వెనక కాళ్ళను ఒకదాని తర్వాత ఒకటి ఆడిస్తూ మట్టిని పక్కలకు నెట్టి వెనక్కి దిగబడిపోతుంది. చూస్తుండగానే నేల దాన్ని మింగినట్టుంటుంది.

లోపలికి వెళ్ళాక మొదలయ్యేది గ్రీష్మకాల సుప్తావస్థ. దీనిలో నాలుగు మార్పులు గమనించండి.

ఒకటి, జీవక్రియల వేగం బాగా తగ్గిపోతుంది. ఆక్సిజన్ అవసరమూ తగ్గుతుంది.

రెండు, వానాకాలంలో బాగా తిని నిల్వచేసుకున్న కొవ్వు దేహాలు ఇప్పుడు ఆహారమవుతాయి. విచ్ఛేదనంలో బీజాండకోశం పక్కన పసుపురంగు వేళ్ళలాగా కనిపించే భాగాలు ఇవే.

మూడు, మూత్రాశయం నీళ్ళకుండగా మారుతుంది. కప్ప మూత్రం చాలా పలుచన. శరీరానికి నీరు కావలసినప్పుడు మూత్రాశయం గోడలగుండా దాన్ని తిరిగి రక్తంలోకి తీసుకుంటుంది. మనం మూత్రం అని పారబోసేది దానికి కరువు రోజుల నిల్వ.

నాలుగు, రక్తంలో యూరియా పేరుకుంటుంది. మన శరీరంలో ఇలా జరిగితే జబ్బు. కప్పకు ఇది ఉపాయం. శరీరద్రవాల గాఢత పెరిగితే ఆరిపోతున్న మట్టి దాని నీటిని లాగేసుకోలేదు. పైగా మట్టిలో మిగిలిన కాస్త చెమ్మనూ కప్పే తీసుకోగలుగుతుంది. ద్రవాభిసరణ పాఠం ఇక్కడ గుర్తుచేసుకోండి.

ఆస్ట్రేలియా ఎడారుల్లో నీటిని నిల్వచేసే కప్ప ఇంకో అడుగు ముందుకు వేసింది. అది కుబుసంలా విడిచే చర్మపు పొరలను పారెయ్యకుండా ఒంటిచుట్టూ గూడులా అట్టే ఉంచుకుంటుంది. ఒంట్లో నీరు ఆరిపోకుండా ఆ గూడు కాపాడుతుంది.

వానతో పరుగుపందెం

తొలకరి పడగానే నిద్ర ముగుస్తుంది. వాన కోసం రోకలికి కప్పను కట్టి, వేపమండలు చుట్టి, ఇంటింటికీ తిరిగి నీళ్ళు పోయించే కప్పతల్లి ఆచారం తెలుగు పల్లెల్లో ఉంది. కప్పకూ వానకూ ఉన్న సంబంధాన్ని మనవాళ్ళు ఎంత దగ్గరగా చూశారో దీన్నిబట్టి తెలుస్తుంది. కాకపోతే కార్యకారణాలు తిరగబడ్డాయి. కప్ప అరిస్తే వాన రాదు, వాన వస్తే కప్ప అరుస్తుంది.

మన పాత పాఠ్యపుస్తకాల్లో రానా టైగ్రినా అని చదివిన బావురుకప్పను ఇప్పుడు హోప్లోబాట్రాకస్ టైగ్రినస్ అంటున్నాం. మామూలుగా ఆకుపచ్చగా, మట్టిరంగుగా ఉండే మగకప్ప ఈ రోజుల్లో నిమ్మపండులా పసుపెక్కుతుంది. గొంతుకు రెండు పక్కలా స్వరకోశాలు నీలిరంగులో బుడగల్లా ఉబ్బుతాయి. ఆడకప్పను పిలవడానికి ఇదంతా. జాతి జాతికీ పిలుపు వేరు. చీకట్లో పది జాతులు ఒకే కుంటలో అరుస్తున్నా ఆడకప్ప తన జాతి పిలుపునే గుర్తుపడుతుంది.

తర్వాత వచ్చే ప్రశ్న, గుడ్లు ఎక్కడ పెట్టాలి? కప్పగుడ్డుకు పెంకు లేదు. జిగురుపొర మాత్రమే ఉంది. నీటి బయట పెడితే ఎండిపోతుంది. పెద్ద చెరువులో పెడితే చేపలు తినేస్తాయి. అందుకే చాలా కప్పలు వాన పడి కొత్తగా నిండిన కుంటలను, వరిమళ్ళను ఎంచుకుంటాయి. అక్కడ చేపలుండవు, ఉన్నా తక్కువ. అయితే ఆ కుంట ఎప్పుడు ఎండిపోతుందో ఎవరూ చెప్పలేరు. చేపల బెడద తప్పించుకుంటే ఎండ బెడద. అక్కడినుంచి మొదలయ్యేది వానతో పరుగుపందెం.

రూపవిక్రియ

గుడ్డు నుంచి వచ్చే తోకకప్ప చూడటానికి చేపపిల్ల. మొప్పలతో శ్వాస పీలుస్తుంది. చాలా జాతుల్లో నాచు గీక్కుని తింటుంది, దాని పేగు గడియారం స్ప్రింగులా పొడవుగా చుట్టుకుని ఉంటుంది. వ్యర్థాన్ని అమ్మోనియాగా విసర్జిస్తుంది, ఎందుకంటే చుట్టూ నీళ్ళున్నాయి, విషం వెంటనే పలుచనైపోతుంది. కొన్ని వారాల్లో ఇదంతా తలకిందులవుతుంది. కాళ్ళు వస్తాయి. మొప్పలు పోయి ఊపిరితిత్తులు పనిచేస్తాయి. పేగు పొట్టిదవుతుంది, ఎందుకంటే ఇకమీదట తిండి పురుగులు. అమ్మోనియా బదులు యూరియా తయారవుతుంది. నోటి రూపం మారే రోజుల్లో తినడం కుదరదు కాబట్టి, కరిగిపోతున్న తోకే ఆహారమవుతుంది. నీటి జంతువు నేల జంతువుగా మారే ఈ ప్రక్రియే రూపవిక్రియ.

దీన్ని నడిపించేది థైరాయిడ్ గ్రంథి. 1912లో గూడర్‌నాట్ష్ అనే శాస్త్రజ్ఞుడు తోకకప్పలకు గుర్రపు థైరాయిడ్ కణజాలాన్ని తినిపించాడు. అవి వేళకు ముందే, ఈగంత పరిమాణంలో ఉండగానే కప్పలుగా మారాయి. హార్మోన్ల చరిత్రలో ఇది పేరుపొందిన ప్రయోగం.

కుంటలో నీరు తగ్గుతుంటే కొన్ని జాతుల తోకకప్పలు ఆ సంగతిని పసిగడతాయి. ఒత్తిడి హార్మోన్లు పెరిగి, అవి థైరాయిడ్‌ను ప్రేరేపించి, రూపవిక్రియ వేగవంతమవుతుంది. అమెరికా ఎడారుల్లో పారకాలి కప్ప ఒకటి గుడ్డు నుంచి బుల్లి కప్ప దాకా వారం పది రోజుల్లో పూర్తిచేయగలదు. కాని ఈ తొందరకు మూల్యం ఉంది. తొందరపడి మారిన కప్ప చిన్నదిగా ఉంటుంది. చిన్న కప్ప త్వరగా ఎండిపోతుంది, తేలిగ్గా శత్రువుకు చిక్కుతుంది. ప్రకృతిలో ఏ అనుకూలనమూ ఉచితంగా రాదు.

ఇంకో ఉపాయం బావురుకప్ప తోకకప్పది. అది నాచుతో సరిపెట్టుకోదు, ఇతర తోకకప్పలను తింటుంది, తన జాతివాటినీ వదలదు. మాంసాహారంతో త్వరగా పెరుగుతుంది. మనకు క్రూరంగా తోచినా ఎండిపోయే కుంటలో కొన్నయినా గట్టెక్కడానికి ఇది దారి.

చెట్టు మీద గూడు

అన్ని కప్పలూ ఈ పందెంలో ఒకేలా పరుగెత్తవు. వానాకాలంలో స్నానాలగది గోడకు అతుక్కుని కనిపించే చెట్టుకప్పను చూడండి. వేళ్ళ చివర గుండ్రని పళ్ళేల్లాంటి మెత్తలుంటాయి. వాటితో నున్నని గోడ కూడా ఎక్కగలదు. ఇది నీటిలో గుడ్లు పెట్టదు. నీటిమీదికి వంగిన కొమ్మ మీదో, తొట్టి గోడ మీదో ద్రవాన్ని వదిలి, కాళ్ళతో మజ్జిగ చిలికినట్టు చిలికి నురగగూడు కడుతుంది. గుడ్లు ఆ నురగలో ఉంటాయి. పైపొర గట్టిపడి లోపలి తడిని కాపాడుతుంది. కొన్ని రోజులకు తోకకప్పలు గూడులోంచి కింది నీటిలోకి జారిపడతాయి. గుడ్డుదశ నీటిలోని శత్రువులకు చిక్కకుండా గడిచిపోతుంది.

ఈ చెట్టుకప్ప చర్మం నుంచి వచ్చే స్రావాన్ని కాళ్ళతో ఒళ్ళంతా పులుముకుంటుందనీ, దానివల్ల నీటి నష్టం తగ్గుతుందనీ భారత, అమెరికా శాస్త్రజ్ఞులు కలిసి 1997లో ప్రచురించారు. ఎండకు పోయేముందు ఒంటికి నూనె రాసుకున్నట్టన్నమాట.

నర్మద పుట్టే అమరకంటక్, ఛత్తీస్‌గఢ్ సరిహద్దులోనే ఉంది. అక్కడి పవిత్రవనం నుంచి 1997లోనే వర్ణించిన ఒక బుల్లి పొదకప్పకు శాస్త్రీయ నామంలో ఆ పవిత్రవనం పేరే పెట్టారు. అది చేరిన ప్రజాతి పేరు రావోర్కెస్టిస్. మనదేశంలో కప్పల అధ్యయనానికి దారివేసిన ఆచార్య సి.ఆర్.నారాయణరావు గౌరవార్థం 2010లో ఆ పేరు వచ్చింది. ఈ ప్రజాతి కప్పల్లో నీటిలో ఈదే తోకకప్ప దశే లేదు. గుడ్డులోనే రూపవిక్రియ పూర్తయి బుల్లి కప్ప బయటికి వస్తుంది. కుంటతో పని లేదు. కాని గుడ్డు ఆరకుండా ఉండేంత తేమగల అడవి కావాలి. చెరువు మీద ఆధారపడటం మాని అడవి మీద ఆధారపడింది, అంతే.

మిగతా బంధువులు

కప్పలతోనే ఉభయచరాలు అయిపోలేదు. మట్టిలో వానపాములా బతికే సిసీలియన్లకు కాళ్ళు లేవు. కంటికీ ముక్కుకీ మధ్య చిన్న స్పర్శాంగం దారి చూపిస్తుంది. మీ పుస్తకంలోని ఇక్తియోఫిస్ తల్లి గుడ్లచుట్టూ చుట్టుకుని కాపలా కాస్తుంది. తూర్పు కనుమల నుంచి ఒక కొత్త సిసీలియన్ జాతిని 2013లో వర్ణించారు. అంటే మన పక్క కొండల్లోనే మనకు తెలియనివి ఇంకా ఉన్నాయన్నమాట.

ఆగ్నేయాసియా మడ అడవుల్లో పీతలు తినే కప్ప రక్తంలో యూరియా పెంచుకుని ఉప్పునీటిలో బతుకుతుంది. ఉత్తర అమెరికా అడవికప్ప చలికాలంలో గడ్డకడుతుంది, గుండె ఆగిపోతుంది. అయితే కాలేయం విడుదలచేసిన గ్లూకోజు కణాల లోపల మంచు ఏర్పడకుండా కాపాడుతుంది. వసంతంలో కరిగి గెంతుకుంటూ పోతుంది. ఎడారి, ఉప్పునీరు, మంచు ఏదైనా సరే, అన్నిచోట్లా సమస్య ఒకటే, ఆ పలుచని చర్మం లోపలి నీటిని కాపాడుకోవడం.

అనుకూలనం ఎక్కడ ఆగిపోతుంది?

ఇప్పుడు మళ్ళీ ఉర్లాకు వద్దాం. ఇంతసేపూ మనం చెప్పుకున్న ఉపాయాలన్నీ పాత ప్రశ్నలకు జవాబులు. ఎండ ఎక్కువైతే ఏం చెయ్యాలి? కుంట ఆరితే? చేప తినవస్తే? ఈ ప్రశ్నలు లక్షల ఏళ్ళుగా ఏటేటా వస్తున్నాయి కాబట్టి జవాబులు తయారయ్యాయి.

ఉర్లా, దాని ఉత్తరాన ఉన్న సిల్తారా ప్రాంతాల్లో స్పాంజ్ ఐరన్, ఉక్కు, రోలింగ్ మిల్లు పరిశ్రమలున్నాయి. బొగ్గు, ఇనుప ఖనిజం కలిపి బట్టీల్లో కాలుస్తారు. ధూళి గాలిలోకి వెళ్ళి, చెరువుమీద, ఆకుమీద, తడి నేలమీద దిగుతుంది. ఉర్లా వైపు నీరు ఛోక్రా నాలా ద్వారా ఖారూన్ నదికి చేరుతుంది. ఖారూన్ శివనాథ్‌లోనూ, శివనాథ్ మహానదిలోనూ కలుస్తాయి. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2009లో దేశంలోని పారిశ్రామిక ప్రాంతాలకు కాలుష్య సూచీ ప్రకటించినప్పుడు, తీవ్రంగా కలుషితమైన ప్రాంతాల్లో రాయపూర్ ఒకటి.

కప్ప వైపునుంచి ఆలోచించండి. కుంటలో నీరు తగ్గుతున్న సంగతి తోకకప్ప శరీరానికి తెలుస్తుంది, దానికొక హార్మోను ఉంది. కుంటలో సీసమో, కాడ్మియమో కలిస్తే దానికి జవాబు చెప్పే తయారీ దాని శరీరంలో లేదు. నీటిని లోపలికి తెచ్చిన చర్మమే వాటినీ తెస్తుంది. ఆమ్లత్వం పెరిగితే గుడ్లు సరిగా పొదగవు. పెంకు లేదు కదా! పగలు దాక్కునే తడి మట్టిలోనే మసి దిగితే దాక్కోవడం కూడా రక్షణ కాదు. పొలాల్లో చల్లే పురుగుమందులకూ ఇదే వర్తిస్తుంది. నేరం ఒక్క కర్మాగారానిదే అనుకుంటే పొరపాటు.

మరి కప్పలు ఇంకా అరుస్తూనే ఉన్నాయి కదా అని మీరు అడగవచ్చు. మంచి ప్రశ్న. గోదురుకప్ప, నీటిమీద తేలుతూ తాకగానే చిందులేస్తూ పోయే చిందుకప్ప, ఈ రెండూ మనుషులు చెడగొట్టిన చోట కూడా కొంతవరకు తట్టుకునే జాతులు. మురికినీటి పక్కన మనకు వినిపించేవి తరచుగా ఇవే. నురగగూడుకు కొమ్మ కావలసిన చెట్టుకప్ప, తవ్వుకోవడానికి మెత్తని నేల కావలసిన కప్ప, అప్పుడే నిండిన శుభ్రమైన కుంట కావలసిన బావురుకప్ప ముందు తప్పుకుంటాయి. అరుపు ఆగదు, అందులోని గొంతుల సంఖ్య తగ్గుతుంది. కప్పలున్నాయా అని కాదు, ఎన్ని రకాలున్నాయి అని అడగాలి.

ఇది ఒక్క ఉర్లా సంగతి కాదు. ప్రపంచంలో ఇప్పటికి 8,700కు పైగా ఉభయచర జాతులు తెలుసు. 2023లో ప్రచురించిన ప్రపంచస్థాయి మదింపు ప్రకారం సుమారు 41 శాతం జాతులు అంతరించే ముప్పులో ఉన్నాయి. వెన్నెముక గల జంతువుల్లో ఇంత ముప్పులో మరో తరగతి లేదు. నివాసాలు పోవడం, వాతావరణ మార్పు, వ్యాధులు కారణాలు. కైట్రిడ్ అనే శిలీంధ్రం వల్ల కనీసం 501 జాతులు క్షీణించాయని 2019లో లెక్కకట్టారు. ఆ శిలీంధ్రం దాడిచేసేది దేనిమీదో ఈపాటికి మీరే చెప్పగలరు. చర్మం మీదే.

కప్ప పోతే మనకేమిటి? మనదేశానికి ఈ ప్రశ్నకు అనుభవంతో జవాబు తెలుసు. ఒకప్పుడు విదేశీ వంటకాల కోసం కప్పకాళ్ళను వేల టన్నుల్లో ఎగుమతి చేశాం. బావురుకప్పే ఎక్కువగా బలైంది. పొలాల్లో పురుగులను తినే కప్పలు తగ్గితే పురుగుమందులు ఎక్కువ కొనవలసి వస్తుందన్న ఆందోళన బలపడింది. 1987లో ప్రభుత్వం ఆ ఎగుమతిని నిషేధించింది. కప్ప రైతుకు జీతమడగని పాలేరని దేశం ఒకసారి గుర్తించింది. మళ్ళీ మరిచిపోకూడదు.

మీరు చేయదగిన పని

వానాకాలంలో, వరుసగా నాలుగు వారాలు, వారానికొక సాయంత్రం చీకటిపడ్డాక, పెద్దవాళ్ళను వెంటబెట్టుకుని మీ ఊరి చెరువుకో, కుంటకో వెళ్ళండి. నీళ్ళలో దిగవద్దు. గట్టుమీద ఇరవై నిమిషాలు కదలకుండా వినండి. గంభీరంగా లోతుగా వినిపించేది బావురుకప్ప. ఆగకుండా సాగే జీర గోదురుకప్పది. టకటకమని కొట్టినట్టు చెట్టుపైనుంచి వచ్చేది చెట్టుకప్ప. ఎన్ని రకాల గొంతులు విన్నారో, వాన ఎప్పుడు పడిందో, నీటి రంగు, వాసన ఎలా ఉన్నాయో నోటుబుక్కులో రాయండి. కప్పలను పట్టుకోవద్దు. మన చేతులకంటిన సబ్బు, ఉప్పు కూడా వాటి చర్మంలోకి పోతాయి.

చెరువుగట్టును గమనించండి. నలువైపులా నిలువుగా సిమెంటు గోడ కడితే తోక కరిగిన బుల్లి కప్ప ఒడ్డెక్కడానికి దారి ఉండదు. ఒక్క పక్కనైనా మట్టిగట్టు వాలుగా, గడ్డితో ఉండాలి. మీ ఊళ్ళో చెరువు బాగుచేస్తున్నప్పుడు ఈ ఒక్కమాట పెద్దలతో చెప్పండి. దానికి పెద్ద ఖర్చేమీ కాదు.

పునశ్చరణ

ఈ పాఠంలో మనం తెలుసుకున్నవి: కప్పకు తడి చర్మం శ్వాసకు, నీటికి, రక్షణకు ఆధారం. వేసవిని అది సుప్తావస్థతో, మూత్రాశయంలోని నీటితో, యూరియాతో దాటుతుంది. ఎండిపోయే కుంటను వేగవంతమైన రూపవిక్రియతో, నురగగూడుతో, గుడ్డులోనే పూర్తయ్యే ఎదుగుదలతో ఎదుర్కొంటుంది. అనుకూలనం ఒక పరిసరానికి, ఆ పరిసరపు కాలచక్రానికి సంబంధించినది. పరిసరం జీవులు మారగలిగిన దానికంటే వేగంగా మారితే, నిన్నటి అనుకూలనమే రేపటి బలహీనత కావచ్చు.

ప్రశ్నలు

1. కప్ప నోటితో నీరు తాగకుండానే దాహం ఎలా తీర్చుకుంటుంది?

2. తోకకప్ప అమ్మోనియానూ, పెద్ద కప్ప యూరియానూ విసర్జించడానికి కారణమేమిటి?

3. చేపలున్న పెద్ద చెరువు, త్వరగా ఎండిపోయే చిన్న కుంట. ఈ రెండింటిలో గుడ్లు పెట్టడంలోని లాభనష్టాలను పోల్చండి.

4. ఒక నాలా పక్కన కప్పల అరుపులు బాగా వినిపిస్తున్నాయి. దీన్నిబట్టి ఆ నీరు శుభ్రంగా ఉందని చెప్పవచ్చా? మీ జవాబుకు కారణాలు రాయండి.

వచ్చే పాఠంలో సరీసృపాల గురించి తెలుసుకుందాం. గుడ్డుకు ఒక పెంకు ఏర్పడటం వల్ల వెన్నెముక గల జంతువులకు నేలమీద ఎంత స్వేచ్ఛ దొరికిందో అందులో చూద్దాం. అంతవరకు సెలవు.